నాపరాళ్ళ తరగతి

సోమవారం పొద్దున తొమ్మిదింటికి
కాలేజీ వెనక పెరట్లో
వర్షం మాకంటే ముందే హాజరు.
డోనల్డీనా స్వాన్సన్ గొడుగు వేసుకోదు.
"కేత్‌నెస్ గాలిలో గొడుగు పట్టినవాడు
పొరుగూరివాడైనా అయ్యుండాలి,
ప్రేమలోనైనా పడుండాలి" అంటుంది.

మేం ఏడుగురం. నాకు యాభై ఎనిమిది.
మిగతా ఆరుగురూ నన్ను మిస్టర్ బెయిన్ అంటారు,
పోలీసుతో మాట్లాడినట్టు.

సున్నం లేదు, సిమెంటు లేదు.
రాయి మీద రాయి నిలిచేది
సొంత బరువు వల్ల కొంత,
పక్కరాయి మొహమాటం వల్ల కొంత.
రెండిటి మీద ఒకటి, ఒకదాని మీద రెండు.
చేతికెత్తిన రాయిని మళ్ళీ కింద పెట్టకూడదు.
దాని చోటు ఎక్కడో ఉండే ఉంటుంది,
వెతుక్కోవాల్సింది నువ్వు.

నేనెత్తింది పొడుగ్గా, ఓ పక్క వంకరగా ఉంది.
తొమ్మిదిన్నరకి ఎత్తాను.

ఈ కాలేజీ నాకు కొత్తేం కాదు.
పదిహేడేళ్ళప్పుడు ఇవే మెట్ల మీద
తడిసిన టోపీ నలుపుతూ నిలబడ్డాను.
హెరింగ్ చేపలకి పీపాలు చేసిన తాత
చేపలు రావడం మానేశాక మిగిలిన ఉలితో
నా పెన్సిల్ చెక్కి పంపించాడు.
అప్పట్లో సముద్రం ఒడ్డున తెల్లటి గోళం,
అణువుని పగలగొట్టే చోటు,
కొలత తప్పని కుర్రాళ్ళు కావాలంది.
వెంట్రుకవాసి తేడా లేకుండా పైపుకి పైపు అతికాను.
పన్నెండేళ్ళకి మళ్ళీ పిలిచి
అదే గదిలో, అదే కిటికీ పక్కన
అతికినవన్నీ ఎలా విప్పాలో నేర్పారు.
కట్టింది కొన్నాళ్ళే. విప్పడం ఇప్పటికీ తెమల్లేదు.
ఒక ఊరు ఒకే ముడి వేసి
దాన్నే విప్పుకుంటూ బతికేయొచ్చని
ఆ గదిలో ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం, నాపరాయి చీల్చడం.
డోనల్డీనా కుండ కొనే మనిషిలా
వేలితో తట్టి, చెవి ఆనించి వింది.
మూడో దెబ్బకి విడిపోయింది.
లోపల ఒక చేప.
వేలెడంత. నల్లగా,
పొలుసులు లెక్కపెట్టుకునేట్టు.
మా సముద్రం పుట్టకముందు
ఇక్కడున్న ఏదో మంచినీటి మడుగుదట.

అందరూ ఫోన్లు తీశారు.
కిర్‌స్టీ మాన్సన్ మాత్రం
"పీడీ" అంది మెల్లగా.
బుల్లిది, అని. మా వైపు మాట.
అని, చప్పున చుట్టూ చూసింది.
ఆ చూపు నాకు తెలుసు.
ఏడేళ్ళప్పుడు బడిలో ఆ మాటకే
అరచేతి మీద తోలుపట్టీతో రెండు పడ్డాయి.
దెబ్బల తర్వాత ఇంట్లో కూడా
ఆ మాట అనడం మానేశాను.
మా అబ్బాయికి అది రాదు.

డోనల్డీనా సుద్దముక్క తీసి
తడి పలక మీద పెద్ద అక్షరాలతో రాసింది.
"పరీక్షలో రాదు. రాసుకోండి."
వాన చెరిపేసేలోపు
ఏడుగురం చదివాం.

మూడున్నరకే చీకటి.
గోడ ఇంకా మోకాలెత్తే.
పొట్టలో చిల్లరరాళ్ళు కూరారు కుర్రాళ్ళు.
బయటికి కనపడవు గానీ అవి చాలకపోతే
గోడ ఏదో చలికాలం కడుపుబ్బి కూలిపోతుంది.
నేను మాత్రం పొద్దుటి రాయిని చంకనెత్తుకునే
తిరుగుతున్నాను. భుజం పోతోంది.
"అడుగున కన్నం వదిలారా?" అంది డోనల్డీనా.
ఎందుకన్నాడొకడు.
"కుందేలుకి. దాని దారి గోడకంటే పాతది."

కన్నానికి పైకప్పు కావాలి.
పొడుగ్గా. ఓ పక్క వంకర ఉన్నా పరవాలేదు.

బస్సు కోసం నిలబడి వెనక్కి వంగి చూశాను.
కన్నంలోంచి అవతలి గడ్డి,
గడ్డి మీదుగా గోళం దీపాలు.
దాన్నీ కూల్చేస్తారట, తేదీ ఏటేటా మారుతోంది.
కుందేలు రాలేదు.
బస్సూ రాలేదు.
చేతులు ఖాళీగా ఉండటం
కాసేపు అలవాటు కాలేదు.